ముందే అనకూడని మాట

నాగమల్లేశ్వరికి కాలేజీ ఆఫీసు కిటికీ చూస్తేనే వణుకు. హనుమాన్ జంక్షన్‌లో కొల్లేరు చేపలమ్మే వీరమ్మ కూతురామె. విజయవాడలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. వల ఒడ్డుకు రాకముందే ఇన్ని చేపలు పడ్డాయని నోటితో అంటే ఒక్కటీ దక్కదని వాళ్లింట్లో గట్టి పట్టింపు. చిన్నప్పుడొకసారి అలా అని నాన్న చేతి దెబ్బ తింది.

ఈ ఏడు కాలేజీవాళ్లు కొత్త నిబంధన పెట్టారు. ఏదైనా ఒక పేపరుకు గ్రేడు వద్దనుకుంటే ‘పాస్’ అని మాత్రమే వేస్తారు, ఆ మార్కులు సగటులో కలపరు. ఫలితాలు రాకముందే సంతకం పెట్టాలి, పెట్టాక మార్చరు. మంచి పద్ధతే, భయం లేనివాళ్లకు.

సంతకాలకు చివరిరోజున గుమాస్తా రామకృష్ణగారు కిటికీలోంచి అడిగారు.

"లెక్కలు ఎలా రాశావమ్మా?"

బాగా రాసింది. చాలా బాగా రాసింది. ఆ మాట పైకి అంటే ఆ మార్కులు దక్కవేమో!

"ఏదో రాశానండీ."

"అయితే పాసే పెట్టుకో. గ్రేడు తగ్గితే సగటు పాడవుద్ది."

ఆయనే టిక్కు పెట్టి కాగితం ముందుకు తోశారు. వెనక క్యూలో విసుగులు మొదలయ్యాయి.  ఆమె గబగబా సంతకం పెట్టేసింది.

ఫలితాలొచ్చాయి. నోటీసుబోర్డులో లెక్కలకు తొంభై నాలుగు. చేతికిచ్చిన మెమోలో ఉత్త ‘పాస్’.

"పాసయ్యానమ్మా" అంది ఇంటికొచ్చి.

వీరమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుని కూతురికి మెటికలు విరిచింది.

"చూశావా, ముందే అనలేదు గనకే నీకు దక్కింది."