మా అమ్మ పోసిన ఒడిబియ్యం

మా ఇంట్లో గొడవ అంటే అరుపులు కావు, పొయ్యి వెలగకపోవడం. నాయిన మీద కోపం వస్తే అమ్మ వంట మానేసేది. అమ్మ మీద కోపం వస్తే నాయిన ఇంట్లో తినడం మానేసేవాడు. తిరుమలగిరి బస్టాండు దగ్గర మాకు బట్టల కొట్టు ఉండేది కాబట్టి లేమి అనే సాకు కూడా వాళ్లకు లేదు. నాయిన హోటల్లో పూరీ తిని కొట్టు తెరిచేవాడు. అమ్మ పక్క వీధిలో ఉన్న తన అక్క ఇంటికి పోయి తిని, సీరియల్ కూడా అక్కడే చూసి వచ్చేది. పిల్ల ఆకలికి ఏడిస్తే అవతలివాళ్లే దిగివస్తారని ఇద్దరికీ నమ్మకం. ఎద్దులు ఎద్దులు పొడుచుకుంటే లేగల కాళ్లు విరిగినట్టు అంటారు కదా, మా ఇంట్లో ఆ రెండు ఎద్దులకూ కడుపు నిండేది. నేను ఏడ్చేదాన్ని కాదు. ఏడవని పిల్లకు ఆకలి లేదనుకున్నారు.

బడి ఉన్న రోజుల్లో మధ్యాహ్న భోజనం దొరికేది. సాంబారు నీళ్లలా ఉందని తోటి పిల్లలు వంక పెడుతుంటే నేను మళ్లీ వరుసలో నిలబడేదాన్ని. ఆదివారం అంటే అందరికీ సంబరం, నాకు గుబులు. ఇక ఎండాకాలం సెలవుల సంగతి చెప్పనక్కరలేదు.

తెలంగాణ వచ్చిన రోజు అలాంటి సెలవుల్లోనే వచ్చింది. నేను ఏడో తరగతికి పోవాలి. ఊరంతా చౌరస్తాలో గులాల్ చల్లుకుంటోంది. అమ్మా నాయినా చెరో గుంపుతో పోయారు. వాళ్ల మధ్య మాటల్లేవు కాబట్టి పిల్ల ఎవరి దగ్గరుందో ఒకరినొకరు అడగలేదు. నేను నల్లా దగ్గర నీళ్లు పట్టుకుని వచ్చేసరికి తలుపుకు తాళం ఉంది. బిందె పక్కన పెట్టుకుని అరుగు మీద కూచున్నాను. వీధిలో పోయేవాళ్లందరూ చూశారు, రంగులు పూసుకున్న ముఖాలతో నవ్వి పోయారు.

మా గోడ పక్కన ఒక అవ్వ ఉండేది. భర్త పోయాక కూలి పని చేసుకుని బతుకుతూ, ఆదివారం చర్చికి పోయే మనిషి.

"తాళమేసి పోయిండ్రా బిడ్డా? రా, ఇంత తిందువు" అంది.

అన్నం, పచ్చిపులుసు పెట్టింది. తినే ముందు ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. కళ్లు తెరిచేసరికి నేను సగం తినేశాను. ఆమె నవ్వి ఇంకో గరిటె వేసింది.

అప్పటి నుంచి పొయ్యి వెలగని రోజు నా కంచం అక్కడే. అమ్మకు అది నెలల తర్వాత గానీ తెలియలేదు. తెలిసిన రోజు చీపురుకట్టతో కొట్టింది.

"వాళ్లింట్ల తింటవా? మన ఇజ్జత్ ఏం గావాలె?"

ఆకలైందా అని ఏనాడూ అడగని మనిషికి నేనెక్కడ తిన్నానన్నది మాత్రం కావాల్సి వచ్చింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మరుసటి ఏడు పరీక్ష రాసి హాస్టల్లో చేరాను. అక్కడి అన్నాన్ని అందరూ తిట్టేవారు. వేళకు గంట కొట్టి పిలిచి పెడుతున్నారు, ఇంకేం కావాలి అనిపించేది నాకు. అమ్మానాయినలు చూడటానికి రాలేదు. అవ్వ మాత్రం కూలి మానుకుని, సర్వపిండి మూట కట్టుకుని బస్సెక్కి వచ్చేది. నర్సింగ్ చదివాను. హుజూర్‌నగర్‌లో దవాఖాన ఉద్యోగం దొరికింది, అక్కడే పెళ్లయింది. కష్టాలన్నీ దాటినవు అని మెచ్చుకుంటారు. కష్టాలు దాటాను, కోపం దాటలేదు.

పెళ్లయిన ఆడపిల్లను తల్లిగారింటికి పిలిచి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి పంపడం మా వైపు ఆచారం. ముత్తయిదువులే పోయాలి. మూడో ఏడు వచ్చేసరికి మా అత్తమ్మ, "మీ తల్లిగారు ఒడిబియ్యం పొయ్యరా ఏంది?" అని పోరు పెట్టింది. అన్నం పెట్టని చేతుల నుంచి బియ్యం పట్టకూడదని నా పంతం. అవ్వకు ఫోన్ చేస్తే, "తల్లి పోస్తనంటే వద్దనద్దు బిడ్డా. నేను గూడ కండ్లార సూస్త" అంది. సరేనన్నాను. కానీ అవ్వ చేత కూడా ఒక్క పిడికెడైనా పోయించుకోవాలని మనసులో గట్టిగా పెట్టుకునే పోయాను.

అమ్మ షామియానా వేయించింది, ఫోటోగ్రాఫర్‌ను పెట్టింది. నాయిన కొత్త చొక్కా వేసుకుని, కూర బకెట్ పట్టుకుని బంతి బంతికీ తిరుగుతున్నాడు. ఆయనకు వడ్డించడం వచ్చని నాకు అప్పుడే తెలిసింది. అవ్వ గేటు బయటే నిలబడి ఉంది.

పీట మీద కూచోగానే, "అమ్మా, అవ్వను గూడ ఇంత పొయ్యనియ్యి" అన్నాను.

"మొగుడు పోయినామె ఒడిబియ్యం పోస్తదానే? అండ్ల వాళ్లు..." అని ఆపి, అమ్మ ఫోటోగ్రాఫర్ వైపు చూసి నవ్వింది.

గేటు దగ్గర నుంచి అవ్వే చెయ్యి ఊపింది. "నాకెందుకు బిడ్డా, మీ అమ్మ పోస్తాంది, పట్టు."

పట్టాను. అమ్మ దోసిళ్లతో పోసింది. ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు వేసింది. ప్రతి దోసిలికీ ఫోటో కోసం ఆగింది.

బయలుదేరే ముందు అందులోంచి కొన్ని బియ్యం తల్లిగారింట్లో వదిలిపోవాలి, ఆ ఇల్లు చల్లగా ఉండాలని. అమ్మ చాట పట్టుకుని ఎదురొచ్చింది. నేను ఒడి పట్టుకుని ఆమెను దాటి, గేటు దాటి అవ్వ ఇంటికి పోయాను.

"అవ్వా, గిన్నె తే. నా తల్లిగారిల్లు ఇదే."

సంతోషపడుతుందనుకున్నాను. ఆమె ముఖం పాలిపోయింది.

"ఎంత పని జేస్తివి బిడ్డా! నువ్వు పొద్దుగూకేసరికి పోతవు. నేను ఈ గోడ పక్కకే బతకాలె. పో, మీ అమ్మ చాటల పొయ్యి" అని తలుపు దగ్గరికి వేసుకుంది.

వెనక్కి తిరిగేసరికి అమ్మ వీధిలో ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నలుగురికీ వినిపించేలా ఏడుస్తోంది.

"నేనేం తక్కువ జేసిన నీకు? గింతమందిల నా ఇజ్జత్ తీస్తివి గదే!"

ఎవరో ఒకరు చెబుతారని చూశాను. ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. అందరూ విస్తళ్లలోకి చూస్తున్నారు. నాయిన బకెట్‌తో సహా ఇంట్లోకి పోయాడు.

"అన్నం పెట్టలేదమ్మా" అన్నాను. అంత చిన్న మాట అనడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

అమ్మ ఏడుపు ఆపింది. నిజంగానే ఆశ్చర్యపోయి, నా ఒడి వైపు వేలు చూపించింది.

"గిప్పుడు గిన్ని బియ్యం పోస్తి గదనే!" అంది.