డబ్బా పార్టీ, అరల పార్టీ

ఎనభైల చివర్లో, మా వరంగల్‌లో ఈమెయిల్ అన్న మాట విన్నవాళ్ళే తక్కువగా ఉన్న రోజుల్లో, ఆ ఈమెయిల్‌ను ఏ ప్రోగ్రాములో చదవాలన్న విషయం మీద నేను ఒక మనిషితో భీకరంగా పోట్లాడాను. ఆ వయసులో పోట్లాడడానికి ఏదో ఒకటి కావాలి కాబోలు. నా స్నేహితురాళ్ళలో కొందరు సినిమా హీరోల గురించి, కొందరు రాజకీయాల గురించి, పెళ్ళయినవాళ్ళు ఆడబిడ్డల గురించి పోట్లాడుతుంటే, నాకు మాత్రం ఇది దొరికింది. (నన్ను వింతగా చూడకండి. లోకంలో ఇంతకంటే పెద్ద సంగతి లేదని అప్పట్లో మనస్ఫూర్తిగా నమ్మాను.)

మాది కొత్తవాడలో మగ్గాల ఇల్లు. నాన్న జంపఖానాలు నేసేవాడు. డిగ్రీ అయ్యాక ఒక కంప్యూటర్ కోర్సు చేసి, ఊళ్ళోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ సెంటర్‌లో అసిస్టెంటుగా చేరాను. గుమ్మం బయట వరసగా విడిచిన చెప్పులు, లోపల ఎండాకాలంలో కూడా శాలువా కప్పుకోవలసినంత చల్లటి ఏసీ, ఒక పెద్ద కంప్యూటరూ, దానికి తగిలించిన తెరా కీబోర్డుల టెర్మినళ్ళూ. పొద్దున్నే ఆ కంప్యూటర్ ఫోన్ లైను మీద హైదరాబాద్‌తో మాట్లాడి, మాకు వచ్చిన మెయిళ్ళు తెచ్చి పెట్టేది. సెంటరు మొత్తానికి ఒకటే ఖాతా. ఏ ప్రొఫెసరుకు వచ్చిన మెయిలైనా అందులోకే రావాలి, మేము ప్రింటు తీసి ఎవరిది వాళ్ళకు పంచాలి. ఈ ఉద్యోగం గురించి నాన్నకు విడమరిచి చెబితే ఆయన మగ్గం ఆపి, "ఒకలకొచ్చిన ఉత్తరాలు ఇంకొకలు సదువుడు గూడ నౌకరేనా బిడ్డా? తప్పు గాదా?" అన్నాడు. నేను జీతమెంతో చెప్పాను.

సెంటర్‌లో నాతోపాటు ఇంకో అసిస్టెంటు ఉండేవాడు. కాజీపేట అబ్బాయి, వాళ్ళ నాన్న రైల్వే గార్డు. అందుకని అందరం అతన్ని జంక్షన్ అనేవాళ్ళం. నాకంటే ఏడాది చిన్న, కాబట్టి నన్ను అక్కా అనేవాడు, నేను తమ్మీ అనేదాన్ని. మా ఇద్దరిమీదా ఉన్న పెద్దసారు ఏది అడిగినా "సూద్దాం తియ్" అనేవారు. ఆ మాటకు సరే అని అర్థమో, వద్దు అని అర్థమో, అసలు వినలేదని అర్థమో ఆయనకే తెలియాలి. వెనకాల ఆయన పేరు సూద్దాం సార్.

ప్రోగ్రాములు రాసుకోవడానికి మేమందరం ఈమాక్స్ అనే ఎడిటర్ వాడేవాళ్ళం. చిత్రమేమిటంటే రాయడం కోసం పుట్టిన ఆ ఎడిటర్లోనే కూర్చుని మెయిల్ కూడా చదువుకోవచ్చు. అందుకు అందులో రెండు పద్ధతులున్నాయి. ఒకటి వచ్చిన మెయిళ్ళన్నీ ఒకే ఫైలులో వరసగా దాచేది. ఇంకోటి ఒక్కో మెయిలును ఒక్కో ఫైలు చేసి, మనం చెప్పిన ఫోల్డర్లో సర్దేది. నాకు మొదటిది నచ్చింది, జంక్షన్‌కు రెండోది. ఒకరోజు సూద్దాం సార్ మమ్మల్ని పిలిచి, "పై నెల నుంచి సార్లందరికి మనమే నేర్పాలె. రెంట్ల ఏదో ఒకటి ఖాయం జేసి చెప్పుండ్రి" అన్నారు. అంతే, మంట అంటుకుంది.

"అక్కా, నీదంత ఒక డబ్బా. బియ్యం, పప్పు, సబ్బు అన్ని ఒక్కదాంట్లనే పోస్తే ఎట్ల దొరుకుతయి?" అన్నాడు జంక్షన్.

"నీవన్ని అరలు తమ్మీ. ఏ అరల ఏం వెట్టినవో యాదికుండాలె గదా? నాదైతే మూత తీస్తే సాలు, అన్ని ఆడనే ఉంటయి."

"మూత తీస్తే పురుగులు గూడ ఆడనే ఉంటయి."

ఆ రోజు నుంచి నాది డబ్బా పార్టీ, అతనిది అరల పార్టీ. టీ తాగడానికి వచ్చిన లెక్చరర్లను కూడా నువ్వెటు అని నిలదీసేవాళ్ళం. పాపం వాళ్ళకు ఈమాక్స్ నుంచి బయటికి రావడమే తెలిసేది కాదు. ఒక కెమిస్ట్రీ సారు బయటపడే దారి దొరక్క టెర్మినల్ ఆపేసి ఇంటికి వెళ్ళిపోయేవారు.

ఇక్కడొక చిక్కు చెప్పాలి. రెండు పద్ధతుల్లో దేనితో తెరిచినా, అది కొత్త మెయిళ్ళన్నీ ఊడ్చుకుని తన దగ్గర పెట్టుకునేది. తర్వాత రెండోదానితో తెరిచినవాడికి కొత్త మెయిల్ లేదన్న మాటే కనబడుతుంది. అంటే పొద్దున ముందు వచ్చినవాళ్ళదే రాజ్యం. నేను చద్దన్నం కూడా తినకుండా సైకిలెక్కేదాన్ని, అతను కాజీపేట నుంచి ఎప్పటికంటే ముందు బస్సు పట్టేవాడు. వాచ్‌మన్ తాత తాళం తీస్తూ, "గింత ఇష్టంగ నౌకరి జేసేటోళ్ళను నేనెన్నడు సూడలే" అని మురిసిపోయేవాడు. కాలేజీ మెయిళ్ళు సగం నా డబ్బాలో, సగం అతని అరల్లో. ఖాతా ఒకటే కాబట్టి ఒకరివి ఒకరు తెరిచి చూసుకోవచ్చు. కానీ చూస్తే ఓడిపోయినట్టే కదా!

అంతలో ఢిల్లీ నుంచి ఒక అధికారి వస్తున్నట్టు మెయిల్ వచ్చింది. మా ఊరికి ఈ మెయిల్ సౌకర్యం కొనసాగించాలా, తీసెయ్యాలా అని తేల్చడానికే ఆ రాక. గురువారం పొద్దున కాజీపేటలో దిగుతానని రాశారు. ఆ రోజు ముందు వచ్చింది నేను, కాబట్టి అది నా డబ్బాలో పడింది. "నేను పోయి తోల్కొస్త సార్" అంటే, సార్ "సూద్దాం తియ్" అన్నారు. సరే అన్నట్టే అనుకున్నాను.

గురువారం బంతిపూల దండ పట్టుకుని కాజీపేట ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. మెయిల్లో పేరుకు బదులు పొడి అక్షరాలే ఉన్నాయి. ఫస్ట్‌క్లాసు పెట్టెలోంచి సఫారీ సూటు వేసుకున్న ఒక నిండైన మనిషి దిగాడు. ఢిల్లీ అధికారి అంటే ఇలాగే ఉండాలి అనుకుని వెళ్ళి దండ వేసి, మా కంప్యూటర్ సెంటరు గురించి ఇంగ్లీషులో బట్టీ పట్టిన నాలుగు వాక్యాలూ అప్పజెప్పాను. ఆయన ఎంతో సంతోషంగా తల ఊపుతూ విన్నాడు. ఇంతలో వెనకాల నుంచి రైల్వేవాళ్ళు పెద్ద గుంపుగా, ఇంకా పెద్ద దండతో పరుగెత్తుకొచ్చారు. వాళ్ళలో జంక్షన్ వాళ్ళ నాన్న ఉన్నాడు. నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు: "బిడ్డా, గీయన మా సారు. మీ సారు పొద్దుమీకి మద్రాసు బండికి వరంగల్‌ల దిగుతడట గదా. మావోడు నిన్ననే చెప్పిండు, నేనే పోత అని."

తర్వాత తెలిసిందేమిటంటే, రిజర్వేషన్ మారిందని ఢిల్లీ నుంచి రెండో మెయిల్ వచ్చింది. అది జంక్షన్ అరల్లో పడింది. అతనూ సార్ దగ్గరకు వెళ్ళి నేను పోతానన్నాడు, సార్ అతనితోనూ సూద్దాం తియ్ అన్నారు.

సాయంత్రం వరంగల్ స్టేషన్లో ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూడకుండా నిలబడ్డాం. నా చేతిలో దండ లేదు (అది పొద్దుటి రైల్వే సారు మెడలో వెళ్ళిపోయింది). మద్రాసు బండిలోంచి నూలుచీర కట్టుకుని, భుజాన సంచీతో ఒక ఆవిడ దిగారు. ఆవిడే అధికారి. గుంటూరువైపు మనిషి, ఢిల్లీలో స్థిరపడ్డారు. సెంటరుకు వెళ్ళగానే టెర్మినల్ ముందు కూర్చుని, "నేను పంపిన మెయిళ్ళు చూపించండమ్మా, సరిగ్గా చేరుతున్నాయో లేదో చూస్తాను" అన్నారు. నేను డబ్బా తెరిచి మొదటిది చూపించాను. "మరి రెండోది?" అన్నారు. జంక్షన్ ముందుకు వచ్చి అర తెరిచి రెండోది చూపించాడు. "ఇందులో మొదటిది లేదేం?" అన్నారు. ఏసీ గదిలో నాకు చెమట పట్టింది. సౌకర్యం తీసేస్తే మా ఇద్దరి ఉద్యోగాలూ దాంతోపాటే పోతాయి. మగ్గం దగ్గర నాన్న మొహం కళ్ళముందు కదిలింది. దాచి లాభం లేదని కథంతా చెప్పేశాను. కాజీపేట దండ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్ళజోడు తీసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

"ఒక మెయిల్ కోసం ఇంత పోటీపడే ఊరు నాకింకెక్కడా తగల్లేదు. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ ఉంచుతాను దీన్ని? అయితే అబ్బాయ్, ఒక్క ఖాతాతో ఇద్దరూ ఎందుకు కొట్టుకుంటున్నారు? ఎవరి ఖాతా వాళ్ళకిస్తే పోలా?"

పక్కనే ఉన్న సూద్దాం సార్‌తో సహా మేం ముగ్గురం నోరు తెరిచి చూశాం. అన్ని రోజుల్లో ఆ ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. ఆ వారమే నాకొక ఖాతా, జంక్షన్‌కొక ఖాతా, తర్వాత ప్రొఫెసర్లందరికీ ఎవరిది వాళ్ళకు వచ్చాయి. ఎవరికి నచ్చిన పద్ధతి వాళ్ళు నేర్చుకున్నారు. కెమిస్ట్రీ సారు బయటికి రావడం కూడా నేర్చుకున్నారు.

పందెం లేకపోయేసరికి పొద్దున తొందరా పోయింది. ఒక మధ్యాహ్నం పని లేక, ఎవరూ చూడడం లేదు కదా అని అరల పద్ధతి ఒకసారి తెరిచి చూశాను. మెయిళ్ళు ఎక్కడివక్కడ సర్దుకుంటుంటే, పండుగకు ముందు ఇల్లు దులిపినంత హాయిగా అనిపించింది. నెమ్మదిగా అదే అలవాటైంది. కొన్నాళ్ళకు టీ దగ్గర మళ్ళీ పాత మాట వచ్చింది. నేను ఆవేశంగా అరల గొప్పతనం చెబుతున్నాను, జంక్షన్ బల్ల గుద్ది డబ్బాను సమర్థిస్తున్నాడు. చాలాసేపు విన్న సూద్దాం సార్ కప్పు కింద పెట్టి, "ఇగో, మీరిద్దరు పార్టీలెప్పుడు మార్సిండ్రు?" అని అడిగారు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. అతను కూడా ఎవరూ చూడకుండా డబ్బా పద్ధతి తెరిచి చూశాడన్నమాట.

ఇప్పుడు మెయిల్ దానంతటదే ఫోన్లోకి వస్తుంది. అది డబ్బానో అరో ఎవరూ అడగరు, నేనూ చాలాసార్లు తెరవను. కానీ సైకిల్ మీద పోచమ్మమైదాన్ దాటుతూ, ఇవాళైనా వాడికంటే ముందు వెళ్ళాలని ఊపిరాడకుండా తొక్కిన ఆ శాలువా పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఎదురొస్తే ఆపి, "నెమ్మదిగ పో బిడ్డా, ఎటుబోయి నువ్వు గూడ అరలకే వస్తవు" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదు. నిలబెట్టి నాతోనే వాదనకు దిగేది.