గాలికి అందించిన కత్తెర

ఓడిల్ జెర్వే ఇరవై రెండేళ్లుగా కెనడాలోని ఒంటారియో ఉత్తరాన ఒక చిన్న ఆసుపత్రిలో ఆపరేషన్ నర్సు. డాక్టరు నోరు తెరవకముందే కావలసిన పనిముట్టు ఆయన అరచేతిలో ఉండేది. అదే ఆమె గొప్ప, ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయితే పొట్టకు చిన్న చిన్న గాట్లు పెట్టి చేసే ఆపరేషన్‌కు చేయి తిరిగిన వాళ్లు ఇక్కడ లేరు. రోగిని మంచు రోడ్డు మీద నాలుగు వందల కిలోమీటర్లు దక్షిణానికి పంపవలసి వచ్చేది.

రెండు వేల మూడులో మర వచ్చింది. దక్షిణాన పెద్దాసుపత్రిలో తెర ముందు కూర్చుని డాక్టర్ లారిమర్ పిడులు తిప్పితే ఇక్కడ మూడు ఇనుప చేతులు కదులుతాయి. ఊరంతా సంబరపడింది. ఓడిల్‌కు మాత్రం బెంగ పట్టుకుంది. ఇక తన చేతులతో పనేముంది?

పొట్టలో పులుపు పైకి తన్ని పుట్టే గుండెమంటతో వేగలేక ఆపరేషన్‌కు వచ్చిన పక్కింటి రెజాన్ సరిగ్గా అక్కడే పొడిచాడు.

"కోసేవాడు అక్కడ, కోయించుకునేవాణ్ణి ఇక్కడ. మధ్యలో నువ్వెందుకే ఓడిల్? ఇంటికెళ్లి బఠాణీ సూపు కాచుకో!"

"నోర్మూసుకుని మత్తు పీల్చు," అంది నవ్వుతూనే. లోపల మాత్రం చురుక్కుమంది.

పని సగంలో ఉండగా, లారిమర్ అడగకముందే ఆమె కత్తెర తీసి, డాక్టరు ఎప్పుడూ నిలబడే వైపు చాచింది. అక్కడ ఎవరూ లేరు. మత్తు డాక్టరు ఫక్కున నవ్వాడు. ఓడిల్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమైంది?" అన్నాడు లారిమర్ స్పీకరులో.

"ఏం లేదు డాక్టర్ గారూ, కత్తెర గాలికి అందిస్తున్నా."

"అయ్యో, నేనూ ఇక్కడ చెయ్యి చాచేశానమ్మా! పెట్టేవాళ్లేరీ?"

ఈసారి ఓడిల్ కూడా నవ్వింది. కత్తెరను ఇనుప చేతికి బిగించింది.

కాసేపటికి ఆ చేతులు ఆగిపోయాయి.

"ఓడిల్, మర ఎడమ చెయ్యి అతని పక్కటెముకల మీద ఒత్తుతోందా? నాకిక్కడ స్పర్శేమీ తెలియదు. తాకి చూడు."

ఆమె వేళ్లు ఇనుము కిందికి దూర్చింది. "ఒత్తుతోందండీ."

"నువ్వు చెప్పేదాకా కదపను."

ఓడిల్ తొందరపడలేదు. రెజాన్ పక్కటెముకలకూ ఇనుముకూ మధ్య తన అరచేతిని అడ్డం పెట్టింది. దక్షిణాన అంతటి డాక్టరు పిడులు పట్టుకుని ఆమె మాట కోసం కాచుకుని ఉన్నాడు. ఆమెకు ఎంత హాయిగా ఉందో!

"ఇప్పుడు ఎత్తండి," అంది.