మా ఇంటి రూట్ గుర్తు

మా దీవిలో, గోల్ ఘర్ పేటలో నా జిరాక్స్ షాపు ఉన్న మేడ ఒకప్పుడు మాదే. ఇప్పుడు దాని కింది గదిలో నేను అద్దెకుంటున్నాను. ఈ సంగతి ఎవరైనా అడిగితే చెబుతాను, అడగకపోయినా చెబుతాను. హాడో రేవులో మా తాతగారికి నాలుగు సరుకు పడవలు ఉండేవి. అవి ఎలా పోయాయన్నది మాత్రం అడిగినా చెప్పను. మాకు మిగిలినవి ఆయన పడౌక్ కర్ర కుర్చీ, గోడ మీద ఆయన ఫోటో. ఫోటోలో తాతగారు కదిలే పడవలో, తెల్ల పంచె కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా, చేతులు కట్టుకుని నిటారుగా నిలబడి ఉంటారు. సముద్రానికి వెరవని మనిషని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లం. ఆ కుర్చీలో నేనూ వెనక్కి ఆనకుండా అలాగే కూర్చుంటాను. బయటివాళ్లను అందులో కూర్చోనివ్వను. వాళ్లకు ప్లాస్టిక్ స్టూలు ఉంది.

"భయ్యా, ఆధార్ కా దో కాపీ" అంటూ వచ్చేవాళ్ల మధ్య నా పరువు కాపాడే పని ఒక్కటే ఉండేది. ఒక స్కూలు లెక్కల ప్రశ్నపత్రాలు నేనే టైపు చేసేవాణ్ణి. వాటిని తెచ్చే టీచరు లంబాలైన్ పేట అమ్మాయి. ఆమె తాత మా పడవలు నడిపిన సరంగు. ఆ ముక్క నేను నెలకోసారి గుర్తుచేస్తుంటాను. "అవును మావయ్యగారూ" అని ఆమె స్టూలు లాక్కుని కూర్చుంటుంది.

మొదటిసారి వచ్చినప్పుడు ఆమె అడిగింది: "ఈక్వేషన్లు వచ్చా మావయ్యగారూ?"

"మా ఇంటికొచ్చి ఈ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు" అన్నాను. అబద్ధం కాదు.

నేను టైపు హయ్యర్ పాసైనవాణ్ణి. ఎక్స్, ప్లస్, ఈక్వల్స్ కీబోర్డు మీద ఉన్నాయి. రూట్ లేదు. రెండు రోజులు వెతికాను. ఒకసారి ఏదో నొక్కితే తెర మీద ఒక పెట్టె ప్రత్యక్షమై, అందులో కొట్టిన అక్షరాలన్నీ పక్కకు వాలిపోయాయి. కంప్యూటరు చెడిపోయిందనుకుని మూసేశాను. తర్వాత నా పద్ధతి నేను కనిపెట్టుకున్నాను. గుర్తు రావలసిన చోట స్పేస్ బార్ కొట్టి ఖాళీ వదలడం, ప్రింటు తీశాక షట్టరు సగం దించి, నల్ల జెల్ పెన్నూ స్టీలు స్కేలూ పట్టుకుని రూట్లూ, భిన్నాల గీతలూ, ఎక్స్ నెత్తిన చిన్న రెండ్లూ వేయడం. తెలుగు చర్చికి పాటల పుస్తకం మొత్తం చేత్తో రాసిచ్చిన ఇల్లు మాది. ఆ దస్తూరి నాకూ వచ్చింది. ఆ పేపరును జిరాక్స్ తీశాక ఏది అచ్చో ఏది చెయ్యో నాకే తెలిసేది కాదు.

ఒకసారి ఆమె పేపరును వెలుగుకి ఎత్తి పట్టుకుని, "ఈ రూట్ ఏ ఫాంటు మావయ్యగారూ? మా స్కూలు కంప్యూటర్లో ఇంత అందంగా రావట్లేదు" అంది.

"పాతది. మా ఇంట్లోది. బయట దొరకదు."

ఈ ఏడాది కొత్త గొడవ వచ్చి పడింది. మిగతా దీవుల్లోని రెండు మూడు స్కూళ్లకూ ఇదే పేపరట. నెట్‌ని నమ్మలేక పెన్‌డ్రైవ్‌ని షిప్పులో పంపిస్తారు. ప్రింటు అక్కడే తీసుకుంటారు.

"కాగితం వద్దు మావయ్యగారూ, ఫైలు ఇవ్వండి. ఫైలు బాగుంటే ఏడాది పేపర్లన్నీ మీకే అన్నారు మా పెద్దసారు. లేకపోతే హాడోలో కొత్తగా పెట్టిన సెంటరుకి ఇచ్చేస్తారట."

సోమవారం వైరస్ వచ్చిందన్నాను. మంగళవారం కరెంటు లేదన్నాను. బుధవారం పెన్‌డ్రైవ్ చదవడం లేదన్నాను. అది అప్పుడు నా జేబులోనే ఉంది. గురువారం పది గంటలకే ఆమె వచ్చేసింది. షిప్పు మూడింటికి. ఇక తప్పక ఫైలు ఎక్కించి ఇచ్చాను. ఆమె బయలుదేరుతుందనుకుంటే, సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి అక్కడే పెట్టి చూసింది.

"మావయ్యగారూ, మూడో ప్రశ్న. కిందివాటి విలువ కనుక్కోండి. కింద ఏమీ లేదు."

"షిప్పులో వెళ్లేది కదా, బరువు తగ్గించాను."

ఆమె నవ్వలేదు. ల్యాప్‌టాప్ మూసింది. "లేవండి."

"ఎక్కడికి?"

"కుర్చీలోంచి."

మా తాతగారి కుర్చీలో సరంగు మనవరాలు కూర్చుంది. నేను స్టూలు మీద కూర్చున్నాను. వీధిలో ఎవరైనా చూస్తున్నారేమోనని ఓసారి చూశాను. ఆమె కీబోర్డు నా వైపు జరిపింది.

"ఆల్ట్ పట్టుకుని ఈక్వల్స్ నొక్కండి."

నొక్కాను. ఆనాడు నేను భయపడి మూసేసిన పెట్టె!

"వెనక్కి వాలిన గీత. ఎస్, క్యూ, ఆర్, టీ. బ్రాకెట్‌లో ఎక్స్ ప్లస్ వన్. బ్రాకెట్ మూసి స్పేస్ కొట్టండి."

కొట్టాను. రాసిందంతా చప్పున సర్దుకుని, ఎక్స్ ప్లస్ వన్ నెత్తి మీద రూట్ గొడుగు విప్పింది. ఇన్నాళ్లూ నేను ఖాళీలు కొట్టిందీ ఆ స్పేస్ బార్‌తోనే.

"ఏంటి మావయ్యగారూ, అలా చూస్తున్నారు?"

"స్కేలు పెట్టి గీస్తే ఇంకా తిన్నగా వచ్చేది" అన్నాను. నోరు జారాక గాని తెలియలేదు.

ఇప్పుడు నవ్వింది. "నాకు మొదటి ఏడాదే తెలుసు. నా చెమట చెయ్యి మీ ఒరిజినల్ మీద పడితే రూట్ చెరిగి నాలుగో ప్రశ్నలోకి పోయింది. ఏ ఫాంటైనా చెమటకి చెరుగుతుందా?"

"మరి అప్పుడే అడగలేదేం?"

"మా తాతయ్య మీ తాతగారిని అడిగాడా?"

"ఏమని?"

"ఆయనకి ఈత రాదు కదా. సరంగులందరికీ తెలుసు, ఒక్కరూ అనలేదు. ఆ ఫోటోలో కింది మూల చూడండి."

లేచి దగ్గరికి వెళ్లి కళ్లజోడు సర్దుకుని చూశాను. ఇన్నేళ్లూ నేను చెమ్మ మరక అనుకున్నది ఒక చెయ్యి. వెనక నుంచి తాతగారి పంచెను పిడికిలి బిగించి పట్టుకుంది.

"మా తాతయ్యదే" అంది, ఊరి సంగతి చెప్పినట్టు.

వచ్చి స్టూలు మీద కూర్చుని, రూట్లూ భిన్నాలూ కొట్టుకుంటూ పోయాను. ఒంటిగంటన్నరకి ఒక్క ప్రశ్న మిగిలింది.

"ప్రాబబిలిటీ. నేను చెబుతాను, మీరు కొట్టండి. ఒక పడవలో ఆరుగురు ఉన్నారు. వారిలో యజమానికి మాత్రమే ఈత రాదు..."

నా వేళ్లు ఆగిపోయాయి.

"కొట్టండి మావయ్యగారూ, షిప్పు వెళ్లిపోతుంది. యాదృచ్ఛికంగా ఒకరిని ఎంచితే, ఆ ఒకరికి ఈత రాకపోవడానికి సంభావ్యత ఎంత?"

"యజమాని అని వేయడం అవసరమా?"

"సరే, 'ఒకరికి' అని మార్చండి. జవాబుల పేజీ కూడా కావాలి. ఇది మీరే వేయండి. నేను చెప్పను."

ఆల్ట్, ఈక్వల్స్. ఒకటి, వాలు గీత, ఆరు. స్పేస్ కొట్టాను. ఒకటి పైకెక్కి నిటారుగా నిలబడింది. ఆరు కిందకి దిగి దాన్ని మోస్తూ కూర్చుంది.

ఆమె చివరిదాకా చదివి, పెన్‌డ్రైవ్ సంచీలో వేసుకుంది. "ఏడాది పేపర్లు ఇక మీవే" అంటూ నడుం పట్టుకుని కుర్చీలోంచి లేచింది. "అబ్బ! రోజంతా ఇందులో ఎలా కూర్చుంటారు మావయ్యగారూ?"

"అలవాటు" అన్నాను, స్టూలు మీద నిటారుగా కూర్చుని.