నడిసముద్రంలో భిలాయి తువ్వాలు

మే నెల, మధ్యాహ్నం పన్నెండు. విశాఖ జెట్టీ మీద కిట్ బ్యాగు దించాను. ఎదురుగా నౌకాదళపు శిక్షణ నౌక. మూడు స్తంభాలు, మడిచి కట్టిన తెరచాపలు. నాకు చుక్కాని డ్యూటీ. వయసు నలభై ఎనిమిది. ఉద్యోగంలో అదే నా ఆఖరి సముద్ర ప్రయాణం.

కెప్టెన్ నా నెరిసిన జుట్టు వైపు చూశాడు. "ఎండ తట్టుకోగలవా, చీఫ్?"

"భిలాయి వాణ్ణి సార్," అన్నాను, అంతకుమించి చెప్పాల్సిందేముంది అన్నట్టు.

మా నాన్న అక్కడి ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. వేసవిలో తడి తువ్వాలు తలకి చుట్టుకోనిదే సైకిలెక్కేవాడు కాదు. కర్మాగారం కాలనీ సెక్టర్ 4లో మేమంతా అంతే. వడగాలి తగిలేకొద్దీ తడిగుడ్డ చల్లబడుతుంది. నేను బయల్దేరేముందు మా ఆవిడ పద్మ సుపేలా బజారులో ఎర్రగళ్ల తువ్వాలు కొని బ్యాగులో పెట్టింది. "తడిపి కట్టుకోండి, మర్సిపోకండేం."

మరచిపోలేదు. అదే కొంప ముంచింది.

నాలుగో రోజు గాలి పడిపోయింది. తెరచాపల శిక్షణ కాబట్టి ఇంజను వేయొద్దని ఆదేశం. తెరచాపలు వేలాడుతున్నాయి, డెక్కు మీద కాలు పెట్టలేం. తువ్వాలు తడిపి చుట్టుకుని చుక్కాని పట్టుకున్నాను. ఎంతసేపటికీ చల్లబడదే! మళ్లీ తడిపి ఇంకా బిగించాను. ఒంటిగంటకి కళ్లు చీకట్లు కమ్మాయి. వాకీటాకీలో, "చుక్కాని దగ్గరికి మనిషిని పంపండి," అని నేనన్నది గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి నీడలో ఉన్నాను. నౌక డాక్టరు తువ్వాలు విప్పుతున్నాడు. "ఇక్కడ గాల్లోనే తేమ. నీ చెమటే ఆరడం లేదు, ఇదేం ఆరుతుంది? తలకి ఆవిరి పట్టించుకున్నావు."

వెనక నుంచి కెప్టెన్ అన్నాడు: "ఇంకోసారి పడితే వచ్చే రేవులో దింపేస్తాను."

దిగితే నాకు మళ్లీ ఎక్కే నౌక లేదు. ఆ మాట ఎండకన్నా ఎక్కువ కాల్చింది.

సాయంత్రం మా వంటవాడు గ్లాసు తెచ్చాడు. శ్రీకాకుళం మనిషి. గ్లాసులో తరవాణి, పులిసిన అన్నం నీళ్లు.

"ఏటి బాబూ, బిలాయి బిలాయని ఒకటే గొప్పలు! ఉప్పేసాను, తాగండి. రేపు సీసాలో పోసిస్తాను."

ఆ పులుపు నాలుకకి తగలగానే ఇల్లు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఒళ్లు మాడ్చే ఆ పొడిగాలి మీద, సాయంత్రం గుమ్మంలో నీళ్లు చల్లే పద్మ మీద బెంగ పెట్టుకున్నాను. ఆ వయసులో అంత బెంగ వస్తుందనుకోలేదు.

మర్నాడు పన్నెండు నుంచి నాలుగు దాకా మళ్లీ నాదే డ్యూటీ. తలమీద వెడల్పు టోపీ. తువ్వాలు ఎదురుగా తాడుకి కట్టేశాను. గుక్కెడు గుక్కెడు తరవాణి తాగుతూ నిలబడ్డాను. రెండింటికి ఒంటిచేత్తో టోపీ కిందికి లాక్కున్నాను. చుక్కాని వదల్లేదు. మూడున్నరకి, ఉప్పు పట్టి బరువుగా వేలాడుతున్న తువ్వాలు అంచు కదిలింది. కాసేపటికి మొత్తం లేచింది. పైన తెరచాపలు నిండిన చప్పుడు.

వాకీటాకీలో కెప్టెన్: "చుక్కాని, ఎలా ఉన్నావు?"

"నిలబడే ఉన్నాను సార్."

ఏ రేవులోనూ నన్ను దింపలేదు. జూన్ ఆఖర్న విశాఖలో అందరితోపాటు దిగాను, రైలెక్కి భిలాయి వచ్చేశాను. అప్పుడు బెంగపడ్డ పొడిగాలి ఇప్పుడు కావలసినంత. బెంగ మాత్రం సముద్రం మీదికి మళ్లింది.

మే మధ్యాహ్నాల్లో కరెంటు పోయి వస్తుంది. కూలరు తిరగడం మొదలవుతుంది. దండెం మీద ఎర్రగళ్ల తువ్వాలు అంచు కదులుతుంది. నా చేతులు రెండూ వాటంతటవే ముందుకి లేస్తాయి.

"ఏటండీ, మళ్లీ ఎక్కేసారా ఓడ?" అని పద్మ నవ్వుతుంది.

తువ్వాలు పూర్తిగా లేచేదాకా చూస్తాను.