ఓడిపోవడం తెలిసిన పైల్వాను

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మా బావ పోయాడు. నంద్యాలలో తన వెల్డింగు షాపు ముందు కూర్చుని టీ తాగుతుండగా గుండె ఆగింది. కబురు విన్నవాళ్లలో చాలామంది నన్ను ఒకే మాట అడిగారు: "ఎవురు? కుస్తీల్లో ఎప్పుడూ ఓడిపోతాండెనే, ఆయప్పనా?"

అవును, ఆయనే. నేను గర్వంగానే అవునన్నాను. ఎందుకో మీకూ చెప్పాలనిపించింది.

టీవీలో వచ్చే కుస్తీల్లాంటివి మన దగ్గరా ఆడాలని మా అక్క భర్త అయిన ఈ బావ, ఇంకొందరు స్నేహితులు కలిసి ఒక చిన్న కంపెనీ పెట్టారు. నంద్యాల, శిరివెళ్ల, ఆళ్లగడ్డ, అటు అవుకు దాకా తిరునాళ్లకూ క్రిస్మస్ పండగలకూ పిలిచేవారు. బరి బావే చేశాడు. నాలుగు మూలలా ఇనుప స్తంభాలు, పలకల కింద పాత ట్రాలీల స్ప్రింగు పట్టీలు, చుట్టూ బోరు పైపు తొడిగిన తీగలు. ఎక్కువ మాట్లాడనివాణ్నని నన్ను రిఫరీగా పెట్టారు. రెండు భుజాలూ పలకకు ఆనితే మూడు దాకా లెక్కపెట్టడం నా పని. ఇంటికి వచ్చాక ఎవరు గెలిచారో ఎవరు ఓడారో పుస్తకంలో రాసుకునేవాణ్ని.

ఎవరు గెలవాలో ముందే అనుకుంటాం. ఇందులో దాచేదేమీ లేదు. కానీ ఎగరడం, పడటం, తగలడం అన్నీ నిజమే. బావది ఎప్పుడూ చెడ్డవాడి వేషం, చివర్లో ఓటమి. అది ఆయన అడిగి తీసుకున్నదే.

"గెల్చేదానికేముంది, ఎవుడన్నా గెలుస్తాడు. ఓడిపోవాలంటే పని తెలిసుండాల," అనేవాడు.

శిరివెళ్లలో ఒక ముసలామె నిజంగానే కోపమొచ్చి ఆయన మీదికి చెప్పు విసిరింది. బావ దాన్ని ఏరుకుని తీగల దగ్గరకు వచ్చి, "అవ్వా, రెండోది గూడా యెయ్యి. ఒక్కటి పెట్టుకోని నేనేం జేసుకోవాల?" అన్నాడు. ఆమె రెండోదీ విసిరింది. ఆట అయ్యాక ఆ జతను తీసుకెళ్లి స్వయంగా ఆమె కాళ్ల దగ్గర పెట్టి వచ్చాడు. "నీ మొగం మండ, మంచోనివే గదరా!" అని ఆమె బుగ్గ గిల్లింది.

ఆయన్ను నొప్పించగలిగింది ఒక్కరే, తండ్రి. ఆళ్లగడ్డలో ఉండే ఆ పెద్దాయన మట్టి గోదాలో పెరిగిన అసలు పైల్వాను. మన్ను కుస్తీలో వీపుకు మన్నంటితే ఓడినట్టు. "మా ఇంట్లో ఎవుని వీపుకూ మన్నంటలా. వీడేమో ఊరూరికీ పోయి పండుకోని వస్తాండాడు," అని నలుగురిలో అనేవారు. బావ నవ్వి ఊరుకునేవాడు. కానీ ఆళ్లగడ్డలో ఆట ఉన్నప్పుడల్లా ముందు వరసలో ఒక కుర్చీ ఎవరినీ కూర్చోనివ్వకుండా పెట్టించేవాడు. అది ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

ఒక ఆదివారం సాయంత్రం పెద్దాయన వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు. ఎందుకు వచ్చారో ఎవరూ అడగలేదు. మేమంతా గుడారం వెనక మాట్లాడుకుని, ఈరోజు బావ గెలవాలన్నాం. ఎన్నిసార్లు చెప్పినా వద్దనే మనిషి ఆ రోజు వద్దనలేదు. వంగి బూట్ల తాళ్లు గట్టిగా కట్టుకున్నాడు.

ఎదురుగా సంజామల నుంచి వచ్చిన కుర్రవాడు. ట్రాక్టరు నడుపుకుని బతికేవాడు. ఆట సగంలో తీగల మీది నుంచి దూకుతూ పక్కకు పడ్డాడు. నేను వంగి చూశాను. "అన్నా, బుజం పాయ," అన్నాడు, పళ్లు కరుచుకుని. ఎముక పక్కకు జరిగి ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. బావ గెలవాలంటే ఆ భుజాన్ని పలకకు అదమాలి.

బావ ఒక్కసారి ముందు వరస వైపు చూశాడు. తర్వాత కుర్రవాడి మంచి చెయ్యి పట్టుకుని, అతను లాగేసినట్టుగా తానే దొర్లి కింద వెల్లకిలా పడి, ఆ చేతిని తన రొమ్ము మీద వేసుకున్నాడు.

"లెక్కపెట్టు బామ్మర్దీ."

ఒకటి అన్నాను, రెండు అన్నాను. మూడు రాలేదు.

"నోరు పడిపోయిందా? పెట్టు!"

మూడు అన్నాను. జనం ఈలలు వేశారు. వెనక నుంచి ఎవడో అరిచాడు: "పెద్దాయనా, నీ కొడుకు మల్లా పండుకున్యాడు సూడు!" కుర్చీ ఖాళీ అయింది.

కుర్రవాణ్ని ఆస్పత్రికి పంపి గుడారం వెనక్కి వచ్చేసరికి పెద్దాయన అక్కడ నిలబడి ఉన్నారు. బావ తల ఎత్తలేదు.

"వానికి బుజం ఎప్పుడు పాయ? దూకినప్పుడేనా?"

"ఊఁ."

"నేనొగ గోదాలో ఒగని చెయ్యి ఇరిచినా. వాడు సాలని సైగ చేస్తాండె, నేను ఇడిసిపెట్టలా. ఊరంతా నన్ను బుజాల మీద మోసిరి. వాడు మల్లా సేన్లో మడక పట్టి దున్నలా. నాకు కింద పండుకోవడం తెల్లేదురా. పా, ఇంటికి పోదాం."

సంజామల కుర్రవాడు రెండు నెలలకు మళ్లీ ట్రాక్టరు ఎక్కాడు. పెద్దాయన ఆ తర్వాత చుట్టుపక్కల ఏ ఆటా మానలేదు. ఎవరైనా "నీ కొడుకు ఓడిపాయ గదప్పా" అంటే, "ఓడిపాయలే. ఎట్ల ఓడిపాయనో సూసినావా నువ్వు?" అని ఎదురు అడిగేవారు.

పెద్దకర్మ అయిన తర్వాతి ఆదివారం, నంద్యాలలో మేము సాధన చేసే పాత పత్తి గోడౌనులో అందరం కలిశాం. ఎవరికీ బరి ఎక్కాలని లేదు. ఇంతలో గేటు ముందు ఆటో ఆగింది. పెద్దాయన దిగి, నెమ్మదిగా నడిచి వచ్చి, బరి పక్కన కూర్చున్నారు.

"ఏంద్రా, నిలబడి సూస్తాండారు?"

"ఈ పొద్దు వద్దులే తాతా," అన్నాడు సంజామల కుర్రవాడు.

"వాడు పాయ. పని యాడికి పాయ? ఎక్కండి. ఒక్కొక్కరే పడండి."

ఒక్కొక్కరే ఎక్కి వెల్లకిలా పడసాగారు. ఆయనకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. కళ్లు మూసుకుని పలకల చప్పుడు వింటున్నారు. మొదటి మూడింటికీ తల అడ్డంగా ఊపారు. తర్వాత ఎవరు పడ్డారో కానీ, వీపంతా ఒక్కసారే ఆని, బావ పడినప్పటిలాగే గోడౌను రేకులన్నీ మోగాయి. పెద్దాయన చూపుడువేలు పైకి లేచింది.

"ఆఁ, అదీ. ఇంగోసారి పడు."

కళ్లు తెరవలేదు. వేలు దించలేదు. అలాగే కూర్చుని ఉన్నారు.