ఇంట్లో పిలుచుకునే పేరు

ముక్కూమొహం తెలియని వాళ్ళతో మా అమ్మ మాట్లాడేది కాదు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాది, బెజవాడ స్టేషన్లో ఒక్కసారి మాట్లాడింది. మా బల్ల మీద కూర్చున్న సిపాయి సిగరెట్ డబ్బా మూత తీశాడు. లోపల దూది మీద, పట్టులా మెరుస్తూ అరచేయంత ఎండిన సీతాకోకచిలుక.

"ఆఫ్రికాలో మా తమ్ముడు పట్టాడండీ. కొత్త జాతయితే తన పేరు పెడతారని ఆశపడ్డాడు. వాడు అక్కడే పోయాడు. మ్యూజియంలో చూపిస్తే, దీనికి ఎప్పుడో ఎవరో దొర పేరు పెట్టేశారన్నారు. ఇక మార్చరటండీ."

అమ్మ అతని వైపు తిరిగింది.

"మా పెద్దాడికి మామగారి పేరే పెట్టాం, నాయనా. ఆ పేరు నేను నోట పలకకూడదు కదా. పిలుచుకోటానికి ఇంట్లో వేరే పేరుంది. మీ తమ్ముడి పేరేంటి?"

"సూరయ్య అండీ."

బందరు రైలొచ్చింది. అతను లేచాడు. అమ్మ డబ్బాలోకి వంగి, "క్షేమంగా ఇంటికి చేరు, సూరయ్యా" అంది.

మూత పెట్టబోతున్న అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది.